హార్ట్‌వార్మ్ మందు: మీ కుక్కకు ఏది సురక్షితమో ఎలా తేల్చుకోవాలి

మేం ఉండేది టెక్సస్‌లో, హ్యూస్టన్ పక్కన. రెండేళ్ళ కిందట పిల్లలకు బడి సెలవులివ్వగానే జూన్ మొదట్లో ఇండియా వెళ్ళాం, పదకొండు వారాలు. మా కుక్క చింటూని తెలిసిన వాళ్ళింట్లో వదిలాం. తిండి, గిన్నె, పడక, టీకాల కాగితాలు అన్నీ సర్ది ఇచ్చాం గానీ, నెలనెలా వేసే హార్ట్‌వార్మ్ (దోమకాటుతో వచ్చి గుండెలో చేరే పురుగు) బిళ్ళల డబ్బా మాత్రం మా వంటింటి సొరుగులోనే ఉండిపోయింది. మే 20న వేసిన బిళ్ళ తరవాత మళ్ళీ వేసింది ఆగస్టు మూడో వారంలో. రాగానే రక్తపరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. మరుసటి మార్చిలో మామూలుగా చేసే ఏడాది పరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఆ పరీక్షకి కనపడేది కనీసం ఆర్నెల్ల కిందట మొదలైన సంగతేనని, ఆగస్టులో వచ్చిన నెగెటివ్ మా ప్రయాణం గురించి ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

తరవాత ఐదు నెలలు వాడిని పరుగెత్తనివ్వకుండా, మెట్లెక్కనివ్వకుండా, మూత్రానికి కూడా పట్టీతోనే బయటికి తీసుకెళ్ళి ఒకే గదిలో ఉంచాం. ముందు నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, ఆ తరవాత మెలార్సొమిన్ అనే ఆర్సెనిక్ మందు, నడుం కండలోకి లోతుగా మూడు ఇంజెక్షన్లు: మొదటిది ఒకటి, నెల ఆగి ఇరవై నాలుగు గంటల తేడాతో ఇంకో రెండు. చచ్చిన పురుగులు ముక్కలై ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడతాయి కాబట్టి గుండె వేగంగా కొట్టుకోకూడదు, అందుకే ఆ కట్టడి. బంతి చూస్తే ఎగిరే కుక్కని ఐదు నెలలు అలా చూడటం ఎంత కష్టమో చూసిన వాళ్ళకే తెలుస్తుంది. వాడు ఇప్పుడు బాగున్నాడు. నేను వెట్‌ని (పశువుల డాక్టర్‌ని) కాను, కానీ ఆ ఐదు నెలల్లో ఈ మందుల గురించి చదవాల్సినంత చదివాను, అడగాల్సిన వాళ్ళనందరినీ అడిగాను. కుక్క ఉన్న తెలుగు వాళ్ళు ఎవరు కలిసినా ఏ మందు మంచిదని అడుగుతున్నారు కాబట్టి అదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మందు ఏం చేస్తుందో తెలియాలి

ఇది అర్థమైతే మిగతా సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. జబ్బు ఉన్న కుక్క రక్తం తాగిన దోమలో పిల్ల పురుగులు కొన్ని రోజులు పెరిగి, అదే దోమ ఇంకో కుక్కని కుట్టినప్పుడు ఆ కాటు దగ్గర చర్మంలోకి దిగుతాయి. సుమారు మొదటి 50 నుంచి 70 రోజులు చర్మం కింద, కండల్లో ఒక దశ నుంచి ఇంకో దశకి మారుతూ ఉంటాయి. ఆ తరవాత రక్తంలోకి వచ్చి ఊపిరితిత్తుల రక్తనాళాలకీ గుండెకీ చేరి, మొత్తం ఆరేడు నెలలకి పెద్ద పురుగులవుతాయి. ఆడ పురుగు దాదాపు అడుగు పొడవుంటుంది, కుక్క లోపల ఐదు నుంచి ఏడేళ్ళు బతుకుతుంది.

మనం వేసే మందు దోమని ఆపదు, పురుగు లోపలికి రాకుండా కూడా ఆపదు. గడిచిన నెల రోజుల్లో లోపలికి వచ్చిన పిల్ల పురుగుల్ని చంపుతుంది. అంటే జూన్ 20న వేసే బిళ్ళ మే 20 నుంచి కుట్టిన దోమల లెక్క తీరుస్తుంది. ఒకటి రెండు నెలలు దాటిపోతే ఆ పిల్ల పురుగులు ఇంకో దశకి ఎదిగిపోతాయి, ఆ తరవాత అదే బిళ్ళ వాటిని నమ్మకంగా చంపలేదు. మా చింటూకి జరిగింది సరిగ్గా ఇదే. అందుకే ఏ మందు కొన్నా దాన్ని వేళకి వేయగలమా అన్నది మందు పేరు కన్నా ముందు చూసుకోవాలి.

మా కుక్క ఇంట్లోనే ఉంటుంది కదా అనే వాళ్ళున్నారు. దోమ ఇంట్లోకి రాదా? రెండు నిమిషాలు పెరట్లోకి వెళ్ళొస్తే చాలు. చలి ప్రాంతం కదా అనే వాళ్ళూ ఉన్నారు. హార్ట్‌వార్మ్ అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ కనపడింది. న్యూజెర్సీలోనో మిన్నెసోటాలోనో ఉన్నా, అమెరికా దక్షిణాది షెల్టర్ల (దిక్కులేని కుక్కల్ని ఉంచే చోట్ల) నుంచి వచ్చిన కుక్క మీ వీధిలో ఒకటి ఉంటే దోమకి అది చాలు. అమెరికన్ హార్ట్‌వార్మ్ సొసైటీ ఏడాది పొడవునా మందు, ఏడాదికోసారి పరీక్ష అని చెప్తుంది, నేనూ అదే చెప్తాను. చలికాలం ఆపి వసంతంలో మళ్ళీ మొదలుపెడదాం అనుకుంటే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో మనం ఊహించాలి, ఆ ఊహ తప్పితే బాధపడేది కుక్క.

పరీక్ష లేకుండా మొదలుపెట్టకండి

ఏడు నెలలు దాటిన ఏ కుక్కకైనా మొదటి బిళ్ళకి ముందు రక్తపరీక్ష చేయించాలి. ఇది వెట్ బిల్లు పెంచడానికి చెప్పే మాట కాదు. లోపల అప్పటికే పెద్ద పురుగులుండి రక్తంలో వాటి పిల్లలు గుంపులుగా తిరుగుతుంటే, మందు పడగానే అవన్నీ ఒక్కసారి చచ్చి కుక్క షాక్‌లోకి వెళ్ళే ప్రమాదం ఉంది, ముఖ్యంగా మిల్బెమైసిన్ లాంటి వాటితో. అసలు జబ్బుందని తెలియకుండా నివారణ మందు వేస్తూ పోతే పెద్ద పురుగులు లోపల గుండెని పాడుచేస్తూనే ఉంటాయి.

ఏడు నెలల లోపు కుక్కపిల్లలకు పరీక్షలో కనపడటానికి ఏమీ ఉండదు కాబట్టి నేరుగా మొదలుపెట్టొచ్చు, ఎనిమిది వారాల వయసు దాటకుండా మొదలుపెట్టమంటారు. ఆర్నెల్ల తరవాత ఒకసారి, ఆపైన ఏడాదికోసారి పరీక్ష. షెల్టర్ నుంచి తెచ్చుకున్న పెద్ద కుక్కకి వాళ్ళు చేసిన పరీక్ష నెగెటివ్ అని కాగితం ఇచ్చినా ఆర్నెల్లకి మళ్ళీ చేయించండి, ఎందుకో పైన మా కథలో ఉంది.

అట్టమీద పెద్దక్షరాలు కాదు, చిన్నక్షరాలు చదవండి

ఇరవై రకాల డబ్బాలు కనపడుతున్నా లోపల హార్ట్‌వార్మ్‌కి పనిచేసే మందులు నాలుగే: ఐవర్‌మెక్టిన్, మిల్బెమైసిన్ ఆక్సిమ్, మాక్సిడెక్టిన్, సెలమెక్టిన్. నాలుగూ ఒకే కుటుంబం. మిగతావన్నీ వీటికి కలిపే మందులు: ఏలికపాములకీ కొంకిపురుగులకీ పైరాంటెల్, బద్దెపురుగులకి ప్రాజిక్వాంటెల్, పిడుదులకీ ఫ్లీలకీ (ఒంటి మీద గెంతే చిన్న పురుగులు) ఇంకోటి. హార్ట్‌గార్డ్ ప్లస్‌లో ఉన్నది ఐవర్‌మెక్టిన్, పైరాంటెల్. ఇంటర్‌సెప్టర్ ప్లస్‌లో మిల్బెమైసిన్, ప్రాజిక్వాంటెల్. ట్రైఫెక్సిస్‌లో మిల్బెమైసిన్‌తో పాటు ఫ్లీల కోసం స్పినోసాడ్. సింపారికా ట్రియో, నెక్స్‌గార్డ్ ప్లస్, క్రెడెలియో క్వాట్రో మూడింటిలోనూ హార్ట్‌వార్మ్ పని చేసేది మాక్సిడెక్టిన్, వాటితో పాటు పిడుదుల మందు. చర్మం మీద పోసే అడ్వాంటేజ్ మల్టీలో కూడా మాక్సిడెక్టినే, రెవల్యూషన్‌లో సెలమెక్టిన్. వెట్ వేసే ప్రోహార్ట్ ఇంజెక్షన్ కూడా మాక్సిడెక్టినే.

ఇక్కడ నేను చూసిన తప్పుల్లో ఎక్కువ సార్లు జరిగేది పేరు దగ్గరే. నెక్స్‌గార్డ్ వేరు, నెక్స్‌గార్డ్ ప్లస్ వేరు. ఉత్త నెక్స్‌గార్డ్ పిడుదులకీ ఫ్లీలకీ మాత్రమే, హార్ట్‌వార్మ్‌కి ఏమీ చేయదు. ఉత్త సింపారికా, ఉత్త క్రెడెలియో కూడా అంతే. బ్రవెక్టో బిళ్ళ మూడు నెలలు పనిచేస్తుంది కదా అని దాని మీదే ఉన్న ఒక కుటుంబం నాకు తెలుసు, వాళ్ళ కుక్కకి రెండేళ్ళుగా హార్ట్‌వార్మ్ రక్షణే లేదు, వాళ్ళు మాత్రం అంతా వేస్తున్నామనే అనుకున్నారు. డబ్బా మీద పైన చెప్పిన నాలుగు పేర్లలో ఒకటి ఉందో లేదో చూడండి. లేకపోతే అది హార్ట్‌వార్మ్ మందు కాదు.

ఉల్టా తప్పు కూడా ఉంది. హార్ట్‌వార్మ్‌కీ పిడుదులకీ ఫ్లీలకీ కలిపి పనిచేసే బిళ్ళ వేస్తూ, దాని పక్కన ఇంకో పిడుదుల బిళ్ళ కూడా వేయడం. రెండిటిలోనూ ఒకే జాతి మందు ఉంటే అది రెట్టింపు మోతాదు. ఇప్పుడు వేస్తున్నవన్నీ, మెడకి కట్టే మందు పట్టీతో సహా, ఒక కాగితం మీద రాసి వెట్‌కి చూపించండి.

షెపర్డ్ జాతి కుక్క ఉందా?

కాలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి గొర్రెల కాపరి జాతుల్లో, కొంత మేర జర్మన్ షెపర్డ్‌లలో కూడా, ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో ఒక లోపం ఉంటుంది. మెదడులోకి మందులు పోకుండా బయటికి నెట్టే కాపలా ఈ కుక్కల్లో సరిగ్గా ఉండదు, అందుకే ఐవర్‌మెక్టిన్ ఎక్కువైతే నేరుగా మెదడుకి ఎక్కుతుంది. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఈ జన్యువు సంగతి కనిపెట్టారు. అమెరికాలో కాలీల్లో నాలుగింట మూడింటికి ఈ లోపం ఉంటుందని వాళ్ళ లెక్క. షెల్టర్ నుంచి తెచ్చిన సంకర జాతి కుక్కలో కూడా ఉండొచ్చు, చూసి చెప్పలేం.

ఇది విని చాలామంది భయపడి మందే మానేస్తారు. అలా చేయకండి, ఎందుకంటే ప్రమాదమంతా మోతాదులో ఉంది. హార్ట్‌వార్మ్‌కి వాడే ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకి 6 మైక్రోగ్రాములు. లోపం ఉన్న కుక్కకి విషమయ్యేది సుమారు కిలోకి 100 మైక్రోగ్రాముల దగ్గర నుంచి. గజ్జికి వెట్‌లు వాడే మోతాదు 300 నుంచి 600. అంటే డబ్బా మీద రాసినట్టు వేస్తే నాలుగు రకాల మందులూ ఈ కుక్కలకి కూడా సురక్షితమే. మీ కుక్క ఈ జాతులకి చెందినదైనా, అలాంటి పోలిక ఉన్నా, చెంప లోపల దూదితో తుడిచి పంపే పరీక్ష ఒకసారి చేయించుకుంటే మంచిది. ఎందుకంటే ఈ లోపం విరేచనాలకి వాడే లోపెరమైడ్ లాంటి వేరే మందులకి కూడా వర్తిస్తుంది, మనుషుల డబ్బాలోంచి తీసి వేసేస్తుంటారు, జాగ్రత్త.

గుర్రాల పేస్ట్, పశువుల ఇంజెక్షన్ జోలికి పోవద్దు

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే డబ్బు మిగులుతుందని ఇది చేసే వాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు, మన ఊళ్ళలోనూ ఉన్నారు. మందు అదే కదా, ఐవర్‌మెక్టినే కదా అంటారు. లెక్క వేసి చూడండి. ఇక్కడ రైతు సామాన్ల దుకాణంలో దొరికే గుర్రాల పేస్ట్ ట్యూబు 1250 పౌండ్ల గుర్రానికి ఒక మోతాదు, అందులో సుమారు 113 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. పాతిక కిలోల కుక్కకి నెలకి కావలసింది 0.15 మిల్లీగ్రాములు. అంటే ఆ ఒక్క ట్యూబులో 750 నెలల మందు ఉంది. అందులోంచి 750వ వంతు వేలితో తీయగలరా? పైగా పేస్ట్‌లో మందు అంతటా సమానంగా కలిసి ఉంటుందన్న నమ్మకం కూడా లేదు, ఒక పక్క తక్కువ, ఒక పక్క ఎక్కువ ఉండొచ్చు. జన్యులోపం ఉన్న అదే బరువు కుక్కకి ఆ ట్యూబులో 45వ వంతు పడినా విషమే.

పశువులకి వేసే 1 శాతం ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. పాతిక కిలోల కుక్కకి హార్ట్‌వార్మ్ మోతాదు అందులో 0.015 మిల్లీలీటర్లు, ఒక చుక్కలో మూడో వంతు కూడా కాదు. ఆంధ్రలో, తెలంగాణలో పిడుదులకీ గజ్జికీ కుక్కలకి ఐవర్‌మెక్టిన్ సూది వేయడం మామూలే, తెలిసిన డాక్టర్ బరువు తూచి, జాతి చూసి వేస్తే అది వేరే విషయం. మందుల షాపులో కొనుక్కొచ్చి ఇంట్లో అందాజాగా వేయడం మాత్రం వద్దు. ట్రైఫెక్సిస్‌లోని స్పినోసాడ్ మీద ఉన్న కుక్కకి ఇలా పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ పడితే మామూలు జాతి కుక్కలో కూడా విషలక్షణాలు రావొచ్చు.

కనుపాపలు పెద్దవవడం, జొల్లు, తూలుతూ నడవడం, వణుకు, ఎదురుగా ఉన్నది కనపడనట్టు గోడకి గుద్దుకోవడం, ఇవి చూస్తే తెల్లారే దాకా ఆగకండి. ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి వెళ్ళండి. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విషాల హెల్ప్‌లైన్ 888-426-4435, రాత్రీ పగలూ ఉంటుంది. గుర్రాలు, పశువులు ఉన్న చోటికి కుక్కని తీసుకెళ్తే నేల మీద పడిన పేస్ట్‌నీ, కొత్తగా మందు వేసిన గుర్రం పేడనీ నాకనివ్వకండి, కాలీలు అలా విషం పాలైన సందర్భాలు ఉన్నాయి.

ఫిట్స్ వచ్చే కుక్క అయితే

ఇది వెట్ అడగకపోయినా మీరే చెప్పాల్సిన సంగతి. పిడుదుల మందులు కలిసిన కొత్త బిళ్ళలు, అంటే సింపారికా ట్రియో, నెక్స్‌గార్డ్ ప్లస్, క్రెడెలియో క్వాట్రో, వీటిలో ఐసోక్సాజొలిన్ అనే జాతి మందు ఉంటుంది. కొన్ని కుక్కల్లో వీటివల్ల వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని 2018 సెప్టెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. చాలా కుక్కలకి ఏమీ కాదు, ఎఫ్‌డీఏ కూడా వీటిని మార్కెట్లోంచి తీసేయలేదు, లక్షల కుక్కలు వాడుతున్నాయి. కానీ ఎప్పుడైనా ఒక్కసారి ఫిట్స్ వచ్చిన కుక్క అయితే నేనైతే హార్ట్‌వార్మ్‌ని విడిగా, పిడుదుల్ని విడిగా చూసుకునే దారి వెట్‌ని అడుగుతాను. స్పినోసాడ్ కూడా మూర్ఛ ఉన్న కుక్కల్లో జాగ్రత్తగా వాడమనే ఉంటుంది. అన్నీ ఒకే బిళ్ళలో అంటే మనకి సుఖం, కానీ ఏదైనా తేడా చేస్తే లోపలున్న మందుల్లో ఏది చేసిందో తెలుసుకోవడం కష్టం. ఆరోగ్యంగా ఉండి పిడుదులు ఎక్కువున్న చోట తిరిగే కుక్కకి మాత్రం ఆ ఒక్క బిళ్ళే సరైనది కావచ్చు.

బిళ్ళా, చుక్కలా, సూదా

హార్ట్‌గార్డ్ ప్లస్ బిళ్ళని నిజమైన గొడ్డుమాంసంతో చేస్తారు. ఇంట్లోకి అది రాకూడదనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి, కొన్నాక తెలిసి బాధపడిన వాళ్ళనీ చూశాను, అందుకే ముందే చెప్తున్నాను. అది మొహమాటపడే విషయం కాదు, వెట్‌తో నేరుగా చెప్పండి. చికెన్ రుచితో వచ్చే ఇంటర్‌సెప్టర్ ప్లస్ ఉంది, చర్మం మీద పోసేవి ఉన్నాయి, ఇంజెక్షన్ ఉంది. కుక్కకి గొడ్డుమాంసం, చికెన్, పంది, సోయా ఏదైనా పడకపోయినా ఇదే దారి, డబ్బాలో కాగితం మీద మందు కాని పదార్థాల జాబితా అడిగి చదవండి.

చర్మం మీద పోసే మందులు కక్కుకునే కుక్కలకి మంచివి. కానీ ఇంట్లో పాకే పిల్లలుంటే, రోజూ కుక్కని హత్తుకుని పడుకునే పిల్లలుంటే ఆలోచించుకోవాలి. అడ్వాంటేజ్ మల్టీ పోశాక రెండు గంటలు పిల్లలు ఆ చోటు ముట్టకూడదు, కుక్క కూడా కనీసం అరగంట అక్కడ నాక్కోకూడదు. ఆ మందు నోట్లోకి పోతే, ముఖ్యంగా జన్యులోపం ఉన్న కుక్కకి, ప్రమాదం. ఇంట్లో రెండు కుక్కలుంటే ఒకదాన్నొకటి నాక్కుంటాయి కాబట్టి ఆరే దాకా వేరే గదుల్లో పెట్టండి. మేం పిల్లలు నిద్రపోయాక పోసేవాళ్ళం.

ప్రోహార్ట్ 6 అయితే ఆర్నెల్లకోసారి, ప్రోహార్ట్ 12 అయితే ఏడాదికోసారి వెట్ వేస్తారు. దీని చరిత్ర మీరు ఎక్కడో చదివి భయపడొచ్చు: 2001లో వచ్చిన ప్రోహార్ట్ 6ని దుష్ఫలితాల ఫిర్యాదుల వల్ల 2004లో అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, 2008లో కట్టుబాట్లతో మళ్ళీ వచ్చింది, 12 నెలలది 2019లో వచ్చింది. ఆర్నెల్ల సూది ఆర్నెల్ల వయసు దాటిన వాటికి, ఏడాది సూది ఏడాది నిండిన వాటికి. ఒకసారి లోపలికి వెళ్ళాక తీసేయలేం కాబట్టి జబ్బుగా, బాగా బక్కగా ఉన్న కుక్కకి, టీకాలకి ముఖం వాచిన కుక్కకి వద్దు, లేదా వెట్‌తో గట్టిగా మాట్లాడాకే. అలర్జీలున్న కుక్కకి టీకాలూ ఇదీ ఒకే రోజు వేయించకండి. ఇవేవీ లేని ఆరోగ్యమైన కుక్క ఉండి, తేదీలు మర్చిపోయే ఇల్లు అయితే ఇది చాలా మంచి దారి. మా చింటూకి చికిత్స అయ్యాక మేం ఎంచుకున్నది ఇదే. వాడికి అలర్జీలు లేవు, ఫిట్స్ లేవు, మేం ఏటా ఇండియా వెళ్తాం, ఇవే కారణాలు. పిడుదులకి విడిగా వేస్తాం.

మీరు ఉండేది మిసిసిపీ నది దిగువ ప్రాంతంలో, అంటే లూసియానా, మిసిసిపీ, ఆర్కన్సా వైపు అయితే ఇంకో ప్రశ్న అడగాలి. అక్కడ ఈ మందులకి లొంగని హార్ట్‌వార్మ్ రకాలు దొరికాయి. అలాగని మందు పనికిరాదని కాదు, పాజిటివ్ వచ్చే కుక్కల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ మందు మానేసినవో ఆలస్యంగా వేసినవో. కానీ ఆ ప్రాంతంలో వెట్‌లు ఏ మందు వైపు మొగ్గుతున్నారో అడిగి, దోమల్ని తరిమే మందు కూడా తోడుగా వాడాలేమో తెలుసుకోండి. ఈ దోమల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లులకి విషం, ఇంట్లో పిల్లి ఉంటే ముందే చెప్పండి.

కొనేటప్పుడు, వేసేటప్పుడు

కొనే రోజు బరువు తూచండి, కిందటి ఏడాది కాగితం చూసి కాదు. హార్ట్‌గార్డ్ ప్లస్ 25 పౌండ్ల దాకా ఒకటి, 26 నుంచి 50 దాకా ఒకటి, 51 నుంచి 100 దాకా ఇంకోటి. పెరిగే పిల్ల ఆరు నెలల డబ్బా అయ్యేలోపు బరువు గీత దాటేస్తుంది, అందుకే పిల్లలకి ఒక్కో నెలకే కొనడం మేలు. పెద్ద కుక్క బిళ్ళని సగం చేసి రెండు చిన్న కుక్కలకి పంచకండి, మందు రెండు సగాల్లో సమానంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. మరీ చిన్న కుక్కలకి కింద హద్దు కూడా ఉంటుంది: ట్రైఫెక్సిస్ 5 పౌండ్లు, ఎనిమిది వారాలు, సింపారికా ట్రియో 2.8 పౌండ్లు, ఎనిమిది వారాలు. హార్ట్‌గార్డ్ ఆరు వారాల నుంచి.

అమెరికాలో ఈ మందులన్నిటికీ వెట్ ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, విదేశాల నుంచి పంపుతాం అనే వెబ్‌సైట్ల దగ్గర కొనకండి, ధర సగమున్నా సరే. లోపల ఏముందో, ఎండలో ఎన్ని రోజులుందో, గడువు తేదీ నిజమో కాదో తెలియదు. ప్రిస్క్రిప్షన్ రాసిమ్మంటే వెట్ రాసిస్తారు, దానితో పేరున్న ఫార్మసీలో కొంటే ఖర్చు తగ్గుతుంది.

మొదటి బిళ్ళ శని, ఆదివారాల్లో పొద్దున వేయండి, మీరు రోజంతా పక్కన ఉండేలా. ట్రైఫెక్సిస్, ఇంటర్‌సెప్టర్ ప్లస్ తిండితోనే వేయాలి, ఖాళీ కడుపున వేస్తే సరిగ్గా ఒంటబట్టవు. ఐవర్‌మెక్టిన్ బిళ్ళని నమలకుండా మింగేసే కుక్కకి ముక్కలు చేసి పెట్టండి. వేసిన గంట రెండు గంటల్లో కక్కితే వెట్‌కి ఫోన్ చేసి మళ్ళీ వేయాలో వద్దో కనుక్కోండి. మూలన ఉమ్మేసి సోఫా కింద దాచే కుక్కలుంటాయి, మింగిందాకా చూడండి.

తేదీ దాటిపోయిందా? గుర్తొచ్చిన రోజే వేసేయండి, రెట్టింపు వేయకండి. కొన్ని రోజుల ఆలస్యమైతే టెన్షన్ అక్కర్లేదు. రెండు నెలలు అలా దాటితే వెట్‌కి చెప్పి మళ్ళీ మొదలుపెట్టి, ఆరేడు నెలల తరవాత పరీక్ష చేయించండి, ఆ పరీక్ష తేదీ ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి.

వేపాకు, వెల్లుల్లి సంగతి

మా అత్తయ్య వేపనూనె రాయమన్నారు. ప్రేమతో చెప్పిన మాటే, వేపాకు పొగకి దోమలు తగ్గుతాయని ఊళ్ళో అందరం చూసిందే. కానీ చర్మంలోకి దిగిన పిల్ల పురుగుని చంపే శక్తి వేపకి ఉందని ఎక్కడా రుజువు కాలేదు. వెల్లుల్లి అయితే ఇంకా ప్రమాదం, అదీ ఉల్లీ కుక్కల ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. సహజమైనవి అని అమ్మే నల్ల వాల్‌నట్ చుక్కలు, మట్టి పొడులు ఇవేవీ ఈ పని చేయవు, నల్ల వాల్‌నట్ కుక్కలకి విషం కూడా కావచ్చు.

ఇండియాలో ఉన్న వాళ్ళకి, అటూ ఇటూ వెళ్ళే వాళ్ళకి

గుండెలో చేరే ఈ పురుగు ఇండియాలో ఎక్కువగా కనపడింది అస్సాం, మిజోరం లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో. దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో, కనపడేది దాని చుట్టం, చర్మం కింద ఉండే రకం. హైదరాబాద్‌లో, విజయవాడలో కుక్కలకి ఎక్కువ ముప్పు పిడుదుల వల్ల వచ్చే జ్వరాలది, కాబట్టి అక్కడ పిడుదుల మందుకే మొదటి స్థానం, హార్ట్‌వార్మ్ మందు కావాలో వద్దో మీ ఊరి డాక్టర్‌ని అడగండి. ఇండియా నుంచి కుక్కని ఇక్కడికి తెచ్చుకుంటే వచ్చిన వారంలోనే పరీక్ష, మందు మొదలు, ఆర్నెల్లకి మళ్ళీ పరీక్ష. ఇక్కడి నుంచి అక్కడికి తిరిగి వెళ్ళిపోయే వాళ్ళు విమానం ఎక్కే ముందు బిళ్ళతోనే ఆపేయకండి. చివరి నెలలో కుట్టిన దోమల లెక్క ఇంకా మిగిలే ఉంటుంది, అక్కడికి చేరాక కనీసం ఒక మోతాదు వేసి, ఆరేడు నెలలకి పరీక్ష చేయించండి.

సెలవులకి వెళ్తూ కుక్కని ఎవరింట్లోనైనా వదిలితే బిళ్ళల్ని తిండి డబ్బాలోనే పెట్టి, తేదీలు డబ్బా మూత మీద మార్కర్‌తో రాయండి. ఆ తేదీన ఇండియా నుంచి వీడియో కాల్ చేసి, కుక్క మింగేటప్పుడు చూడండి. అక్కడ అర్ధరాత్రి అయినా సరే.